కరపత్రాల గదిలో అతిథి

చిరంజీవి మేనల్లుడికి ప్రభువు కృప తోడుగా ఉండుగాక.

కూడలిలో నీ సువార్త నిర్విఘ్నంగా సాగుతోందని, దారిన పోయేవాడు కరపత్రం పుచ్చుకోకుండా రోడ్డు దాటలేకపోతున్నాడని విని సంతోషించాను. అలసినవారికి చోటుందని నీవు మైకులో పిలిస్తే, ఆ మాట నిజమని నమ్మిన అమాయకుడు ఒక్కడే, గొడుగులు బాగుచేసే ఆయన. అతణ్ణి నా ఇంటికి పంపినవాడివీ నీవే. ఇప్పుడేమో, "మామయ్యా, ఇన్నాళ్లయినా ప్రార్థనకి కూర్చోలేదు, ఇక పంపించెయ్యండి. నమ్మకం ఉన్నవాడెవడైనా వస్తే ఆ వసారా మంచం పనికొస్తుంది" అని కబురంపావు.

నీ దూరదృష్టికి మురిసిపోయాను. పరిశుద్ధ గ్రంథంలో, గుడారం వాకిట ముగ్గురు బాటసారులను చూసి ఎదురుపరుగెత్తిన మన పితరుడు ఎంత తొందరపాటు మనిషి! విశ్వాసమెంతో విచారించకుండానే కాళ్లకు నీళ్లిచ్చాడు. పక్కన నీవు లేవు కనుక, బాటసారుల రూపంలో వచ్చిన ఆ దేవదూతలు భోజనం చేసి వెళ్లగలిగారు.

నీ మాట కాదనలేక అతనికి చెప్పాను. దగ్గుతూనే సంచి సర్దుకున్నాడు. "మీ మేనల్లుడు మంచోడే పెద్దయ్యా. వానలో తడుస్తూ అరుస్తుంటే చూడలేక ఆయన విరిగిన గొడుగు తెచ్చి బాగుచేశా, ఇచ్చెయ్యండి" అన్నాడు.

ఆ సంచి నేనే లాక్కొని లోపల పెట్టాను. వసారా గాలికి దగ్గు ముదురుతోందని, నీ కరపత్రాల కట్టలున్న గది అతనికిచ్చాను. కట్టలిప్పుడు వసారా మంచం మీద ఉన్నాయి. వాటికి చలి వేయదు. వచ్చి వాటినీ, గొడుగునూ తీసుకువెళ్లు. భోజనం వేళకే రా. నీ విశ్వాసం సంగతి కూడా అడగను.

ఆశీస్సులతో,
నీ మేనమామ