గోడకొక నోటీసు

కల్వకుర్తి, జనవరి 2023

ప్రియమైన శ్రీవాణికి,

చదువయ్యేదాకా ఫోను ముట్టనని ఒట్టు పెట్టుకున్నావు కనుక ఈ ఉత్తరం. నాకు ఒళ్ళు మండిపోతోంది. నల్లగొండలో ఒక దవాఖానకు ల్యాబ్ టెక్నీషియన్ కావాలని నోటీసు వేశారట. ఎక్కడ? వాళ్ళ గోడ మీద. గడువు దాటాక నాకు తెలిసింది. ఒక్కో ఆఫీసుకు ఒక్కో గోడ, ఎన్ని గోడలని చూస్తూ తిరగాలి? ఈ జూన్ దాటితే నాకు సర్కారు కొలువులకు వయసు మించిపోతుంది.

అందుకే మా గ్రంథాలయంలో ఒక బోర్డు తగిలించాను. ఏ ఊళ్ళో కొలువు పడ్డా, ఎవరు చూసినా దాని నకలు అక్కడికి రావాలి, అందరూ ఒక్కచోటే చూసుకోవాలి. మీ కట్టంగూర్‌కు నల్లగొండ దగ్గరే కదా, జర వెళ్ళి అక్కడివి రాసి పంపు.

నీ రమ

కట్టంగూర్, ఫిబ్రవరి

ప్రియమైన రమక్కకు,

నీ కోసం ఆఫీసులన్నీ తిరిగాను. ఒక గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి, "గోడకు అతికిచ్చినం గదమ్మా, ఇంటింటికొచ్చి చెప్పాల్నా?" అన్నాడు. కంప్యూటర్లో చూద్దామంటే ఎప్పటిదో పాత నోటీసే ఇంకా ఉంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. దొరికినవి రాసి, కింద నా చిరునామా వేసి పంపుతున్నాను.

కానీ అక్కా, నీకేమైనా పిచ్చా? ల్యాబ్ కొలువు పడేదే ఎప్పుడో ఒకటి. దాన్ని ఊరందరికీ చాటుతావా? మంచిది వస్తే ముందు నువ్వు పెట్టుకో. రేపు నా చదువయ్యాక నాకూ అలాగే చెప్పు. బోర్డు మీద తర్వాత తీరిగ్గా అతికించు.

ప్రేమతో,
శ్రీవాణి

కల్వకుర్తి, జూలై

శ్రీవాణీ,

నువ్వన్నట్టు, నోటీసు చూసి కూడా ఎవరికీ చెప్పకుండా దాచుకునేవాళ్ళ వల్లే నాకు నల్లగొండ కొలువు పోయింది. ఆ కోపంతోనే ఇన్నాళ్ళు రాయలేదు.

కొత్తకోట దవాఖానలో ఒక ల్యాబ్ కొలువు పడింది. తెలిసిన వెంటనే బోర్డుకెక్కించాను, నేనూ దరఖాస్తు పెట్టాను. నా పక్కన కూర్చుని చదివే పూజ అది చూసి దరఖాస్తు పెట్టింది. ఎలా నింపాలో చూపించిందీ నేనే. కొలువు ఆ పిల్లకే వచ్చింది. జూన్ కూడా పోయి నాకు వయసు దాటిపోయింది. ఆ పిల్ల తప్పేమీ లేదని తెలుసు, అయినా కడుపు మండుతోంది. నిన్న బోర్డు పీకి మూలన పడేశాను. ఇక నోటీసులు పంపకు. నీ మాటే నెగ్గింది, సంతోషపడు.

రమ

కట్టంగూర్, ఆగస్టు

ప్రియమైన రమక్కకు,

నా మాట నెగ్గినందుకు నాకేం సంతోషం లేదు. ఇందులో ఉన్న కాగితం పూజ పంపింది. వాళ్ళ దవాఖానలోనే ఇంకో ల్యాబ్ కొలువు పడిందట. నకలు తీసుకుని ఆదివారం మీ గ్రంథాలయానికి వస్తే బోర్డు లేదట. నీ ఇంటికి రావడానికి ఆమెకు ముఖం చెల్లలేదట. పాత నకళ్ళ మీద నా చిరునామా చూసి ఉంది కనుక నాకు పంపింది. "అక్కా, బోర్డు కనవడ్తలేదు. గిదెక్కడ పెట్టాలె?" అని చివర రాసింది.

ఈసారి వయసు రెండేళ్ళు సడలించారు, నువ్వు పెట్టుకోవచ్చు. నా ల్యాబ్ చదువు అయిపోయింది, నేనూ పెట్టుకుంటున్నాను. ఉన్నది ఒక్కటే కొలువు. ఈ కాగితం నా దగ్గరే ఉంచేసుకుంటే నీకు తెలిసేదే కాదు. పొద్దంతా అలాగే ఉంచుకున్నాను కూడా. సాయంత్రానికి నా మీద నాకే చీదర పుట్టింది.

గడువు ఈ నెలాఖరు. మూలన పడేసిన బోర్డు తీసి మళ్ళీ తగిలించు. ముందు దాని మీద ఇది అతికించు. తర్వాతే నీ దరఖాస్తు.

నీతో పోటీకి దిగిన నీ చెల్లె,
శ్రీవాణి