కాంతమ్మకు రెండు వయసులు

సికింద్రాబాద్, 18 జూన్ 1951, రాత్రి

ఇందుమూలముగా సమస్త ప్రజలకు తెలియజేయునది ఏమనగా, మా కాంతమ్మకు బస్సుల రెండున్నరేండ్లు, బడిల ఐదేండ్లు. కాదన్నోళ్లు నా ముందటికి రావాలె.

పొద్దున చిలకలగూడల బస్సెక్కినం. మూడేండ్లు నిండని పిల్లలకు టికెట్ లేదు. కండక్టర్ పిల్లను ఎగాదిగ చూసిండు. "ఏందయ్యా, రెండున్నరేండ్లకే ముందటి పన్ను ఊడిందా?"

"మా ఇంట్ల అన్నీ జెర జల్ది అయితయి సాబ్" అని టోపీ తీసి నా బట్టతల చూపిచ్చిన. బస్సంత నవ్వింది. వెనక సీట్ల ఒక టీచరమ్మ మాత్రం నవ్వలే.

బడికి పోతే పేర్లు రాసే కుర్చీల అదే టీచరమ్మ! ఐదేండ్లు నిండకుంటె చేర్చుకోరు.

"గంట కింద రెండున్నర అన్నవ్ గద?"

కాంతమ్మ నా ధోతి పట్టుకొని ఏడ్వనీకి తయారైంది. నాకు రోషమొచ్చింది.

"బస్సు గంత మెల్లగ నడిచింది తల్లీ, పిల్ల పెరగక ఏం చేస్తది? రాసుకోండ్రి, జూన్ ఐదుకు ఐదు నిండినయి."

టీచరమ్మ నవ్వాపుకుంట రాసుకున్నది.

తిరుగు బస్సుల అర టికెట్ నేనే అడిగి కొన్న. ఇప్పుడు బడిపిల్ల గద! అది తొవ్వ పొడుగూత "జూన్ ఐదు నాదే" అనుకుంటనే వచ్చింది.

నలభై ఎనిమిదిల నిజాం మీదికి మిలిట్రీ వచ్చినప్పుడు, ఆ గడబిడల స్టేషన్ల నాకు దొరికిన పిల్ల. ఎప్పుడు పుట్టిందో చెప్పెటోళ్లు ఎవ్వరు లేరు. జూన్ ఐదు, టీచరమ్మ వెనక క్యాలెండర్ల నా కంటికి ముందు పడ్డ తారీఖు.