ఉప్పు తక్కువైన పందెం

శ్రీవారికి,

మీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం బాగున్నాం. ఈ మాట ఎప్పుడూ అలవాటుకొద్దీ రాసేస్తాను గానీ, ఈసారి డాక్టరమ్మను అడిగి మరీ రాస్తున్నాను కాబట్టి నమ్మండి. అత్తయ్య మోకాలు నెమ్మదించింది. మెట్లు దిగేటప్పుడు మాత్రం మిమ్మల్ని తలుచుకుంటారు, లిఫ్టు లేని ఇల్లు చూసింది మీరేనట. చిన్నది కొత్త పన్ను అందరికీ చూపించాలని నోరు తెరుచుకునే తిరుగుతోంది. మీ దగ్గు సంగతి రాయలేదు. సొరంగం తవ్వేటప్పుడు మాస్కు ముక్కుకు పెట్టుకుంటున్నారా, మెడలో వేలాడదీస్తున్నారా?

ఇక సైకిల్ పందెం విషయం. ‘పూర్తి చేయలేకపోయాం, మిగతాది ఉత్తరంలో’ అని నేను ఫోనులో అనేలోపే మీ సొరంగం సిగ్నల్‌ను మింగేసింది. మీరు మూడు ప్రశ్నలు రాశారు. టైర్లు నిలిచాయా? నిలిచాయి. మీ చెల్లెలితో పోట్లాడానా? లేదు, పోట్లాడేంత స్పృహ లేదు. వేళకు తిన్నానా? ఇదిగో, దీనికే ఇంత కాగితం పడుతోంది.

పొద్దున్న కంగారులో గొంతులోకి ఏమీ దిగలేదు. కొండ దారిలో మొదటి రెండు గంటలూ సైకిల్ గాల్లో తేలినట్టు పోయింది. ఆకలి ఊసే లేదు. నా జోడీగా వచ్చిన మీ చెల్లెలు తుపాకి, మనం పెట్టిన పేరుకు తగ్గట్టే, చేతి గడియారం మోగినప్పుడల్లా పేల్చేది.

“వదినా, తిను.”

“ఆకలేస్తే తింటాలే.”

“ఆకలేశాక తింటే అది భోజనం. ఇది పందెం.”

నేను నవ్వి ముందుకు తొక్కాను. రెండో కొండ సగంలో కాళ్లలోంచి ఎవరో బలం తోడేసినట్టయింది. అప్పుడు భయపడి, దుకాణంవాడు కొత్తగా వచ్చాయని, వెంటనే శక్తినిస్తాయని అంటగట్టిన తియ్యటి జెల్ పొట్లాలు వరసగా మింగేశాను. అంతకుముందు ఒక్కసారైనా రుచి చూసినవి కావు. కడుపులో సుడి తిరిగింది. దాన్ని సర్దుకోవడానికి నీళ్లు. ‘దాహం వేయకముందే తాగు’ అని మీరు పోయిన ఉత్తరంలో నాలుగు చోట్ల రాశారు కదా, ప్రతి మజిలీలోనూ సీసా ఖాళీ చేసి మళ్లీ నింపుకున్నాను. ఉప్పు పొడి కలపమని తుపాకి ఇస్తే, వెగటుగా ఉందని జేబులోనే ఉంచుకున్నాను. పెళ్లయ్యాక మీ మాట తు.చ. తప్పకుండా విన్నది ఇదే మొదటిసారి, అదీ ఇలా తగలడింది.

తల బరువెక్కింది. చేతి తొడుగులు బిగుసుకుపోయాయి. వాంతి చేసుకుని మళ్లీ నీళ్లు తాగాను. జంటల పందెంలో మేం అప్పుడు మూడో స్థానంలో ఉన్నాం. కింద లోయలో ముగింపు గీత దగ్గర గుడారాలు కూడా కనిపిస్తున్నాయి. ఆ తర్వాతది తుపాకి చెబితేనే తెలిసింది. నేను సైకిల్ దిగి, దారి పక్కన గుర్తుపలక ముందు ఆమెను నిలబెట్టి, మా కళ్లద్దాల దుకాణంలో కళ్లు చూపించుకోవడానికి వచ్చినవాళ్లను అడిగినట్టే అడిగానట.

“కుడి కన్ను మూసుకోండి. పై వరస చదవండి.”

తుపాకి ముందు నవ్విందట. నా కళ్లలోకి చూశాక నవ్వు ఆగిపోయింది. సైకిల్‌ను పొదల్లోకి తోసేసి, నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుంది. ఎండదెబ్బ అనుకుని సీసా నా నోటికి పెట్టబోతే, మోటారుసైకిల్ మీద వచ్చిన వైద్య సహాయకుడు దాన్ని లాక్కున్నాడట.

“చుక్క కూడా వద్దు. ఈమెకు నీళ్లు తక్కువై కాదు, ఎక్కువై ఇలా ఉంది.”

మా వెనక జంటలన్నీ మమ్మల్ని దాటిపోయాయి. ఇద్దరూ కలిసి గీత దాటితేనే లెక్క కదా. ఏడాదిగా తెల్లవారుజామున లేచి సాధన చేసిన పిల్ల, ఇప్పటికీ ఒక్క మాట అనలేదు. నేనే ఎత్తితే, “కొండ ఎక్కడికి పోతుంది వదినా” అంటుంది.

వైద్య గుడారంలో నర్సు నన్ను మళ్లీ తూచి, “పందెంలో అందరూ బరువు తగ్గుతారు, మీరు పెరిగి వచ్చారే” అందట. నీళ్లు మరీ ఎక్కువైతే రక్తంలో ఉప్పు పలచబడి మెదడు ఉబ్బుతుందట. చిక్కటి ఉప్పునీటి సెలైన్ ఎక్కించారు. వేళ్లు వాచి ఉంగరం చర్మంలోకి దిగిపోతుంటే కత్తిరించేశారు. అవునండీ, మీరు తొడిగిన ఉంగరమే. రెండు ముక్కలూ బీరువాలో పదిలంగా ఉన్నాయి. కోప్పడకండి.

కోపం వచ్చినా పరవాలేదు గానీ, అసలు చెప్పలేకపోతున్నది వేరే ఉంది. ఇందాకటి నుంచి అందుకే కబుర్లతో పొద్దుపుచ్చుతున్నాను. స్పృహ ఎలా ఉందో చూడటానికి నర్సు అడిగింది.

“మీ ఆయన పేరేంటమ్మా?”

నాకు గుర్తు రాలేదు. మీరు వేడి లేని టీని కూడా ఊదుకుని తాగడం గుర్తుంది. బూట్ల లేసులు ముడి విప్పకుండానే కాళ్లు లాగేయడం గుర్తుంది. పేరున్న చోట మాత్రం ఖాళీ. “సిగ్గా?” అని నర్సు నవ్వింది. తుపాకి మాత్రం గుడారం బయటికి వెళ్లి ఏడ్చింది. మీ చెల్లెలు ఏడవడం మీరెప్పుడైనా చూశారా? నేను చూడలేదు.

సాయంత్రం సెలైన్ అయిపోవచ్చేసరికి, ఎవరూ అడగకుండానే, మీ పేరు దానంతట అదే నోటికొచ్చింది. మళ్లీ జారిపోతుందేమోనని అంటూనే ఉన్నాను. మెల్లిగా, గట్టిగా, ముద్దుగా, మీ అమ్మగారు పిలిచినట్టు, అన్ని రకాలుగానూ. భుజం ఎముక విరిగి పక్క మంచం మీద పడుకున్న పెద్దాయన కాసేపు ఓపిక పట్టి, చివరికి ఇటు తిరిగాడు.

“ఆ అబ్బాయెవరో గానీ తల్లీ, ఇన్నిసార్లు పిలుస్తున్నావు, ఒక్కసారి రమ్మనకూడదూ?”

పెద్దల మాట. ఈ సెలవుకు రండి.

ఇట్లు,
ప్రస్తుతానికి అన్నీ గుర్తున్న
మీ ఇల్లాలు