డాబా తాళానికి నలభై ఉత్తరాలు

సోమవారం, ఉదయం 6
నేను చెబుతున్నాను, వకీలు ఆఫీసులో టైపు చేసే మా మనవరాలు రాస్తోంది. ఒక్క మాట మెత్తబరిచినా ఊరుకోను.
డాబాకి తాళం వేస్తాడట ఓనరు. దండేలు పోతే నా పని పోయినట్టే. ఈ నలభై ఇళ్ల బట్టలు ఉతికి నా నెత్తిన ఆరేసుకోవాలా? శనివారంలోగా ఇరవై ఒక్క ఇళ్ల సంతకాలు తెస్తే ఆగుతాడట.
"నీ నోటికి జడిసి సగంమంది తలుపే తియ్యరు అమ్మమ్మా" అంది పిల్ల.
సరే, ఒట్టు. ఇక ఎవరి గడపా ఎక్కి అరవను. అంతా ఉత్తరాలతోనే.

మధ్యాహ్నం 2
కంప్యూటరు బుద్ధిమంతురాలు. ఉత్తరం ఒకటి, ఇళ్ల జాబితా ఒకటి ఇస్తే నలభై ఉత్తరాలు తనే కలిపేస్తుంది. షరతులూ పెట్టొచ్చు. మగవాడైతే 'అయ్యా', ఆడమనిషైతే 'అమ్మా'. ఇన్నేళ్లూ నోరు అరగదీసుకున్నాను, దండగ.

మంగళవారం
ఇంకో షరతు. మొన్న డాబా గురించి పెట్టిన మీటింగుకి తొమ్మిది ఇళ్లే వచ్చాయి. వచ్చినవాళ్లకి: 'మీ మేలు మరవను.' రానివాళ్లకి: 'సిగ్గుంటే ఈసారైనా కదలండి.' జాబితాలో గుర్తు పెట్టమంది పిల్ల. పెట్టాను. అక్షరాలు రాకపోతేనేం, ఇంటి నంబర్లు వచ్చు.
లెక్కల మాస్టారి చొక్కా కాలర్ల మీద విడిగా ఓ షరతు అడిగాను.
"అది ఉత్తరంలో ఎందుకు?"
"మర్యాదగా చెబుదామనే."
వెయ్యలేదు. పిరికిది.

బుధవారం, సాయంత్రం 5
ఉత్తరాలు తలుపుల కింద తోశాం. మెట్ల మీద టైలరు ఎదురైతే ఓ నాలుగు మాటలన్నాను. అది అరుపు కిందికి రాదు.

గురువారం, ఉదయం 8
కొంప మునిగింది. మీటింగుకి అందరికన్నా ముందొచ్చిన నర్సు ఉత్తరం నా ముందు పడేసింది. "సిగ్గుంటే కదలమన్నావా మామ్మా? ఆ రోజు కుర్చీలు మోసిందెవరు, మీ తాతా?"
వెనకే ఫొటోగ్రాఫరు. మీటింగు మొహం చూడనివాడు. "నేను చేసిన మేలేంటో గుర్తు రావట్లేదు మామ్మా. ఇదిగో సంతకం."
మరక పడ్డ బట్టకే ముడి వేస్తాను నేను. బాగున్నదానికి గుర్తెందుకు? అందుకే రానివాళ్లకి గుర్తు పెట్టాను. గుర్తుంటే వచ్చినట్టని పిల్ల అనుకుంది. వకీలు నేర్పిన తెలివి.

శుక్రవారం
పొగడ్తకి పొంగిపోయి పన్నెండు మంది ఎగవేతగాళ్లు సంతకం చేశారు. సిగ్గులేనివాళ్లకి పొగడ్తంటే బెల్లం. రోషమున్న తొమ్మిది మందీ మొహం చాటేశారు. ఆ తొమ్మిదీ కావాలి, ఒక్కటి తగ్గినా తాళమే. షరతు సరిచేసి మళ్లీ వేస్తానంది పిల్ల. ఇంకో కాగితాన్ని ఎవడు నమ్ముతాడు?

శనివారం, ఉదయం 7
తొమ్మిది గడపలూ ఎక్కాను. అరవలేదు, నా గొంతే అంత. "తప్పు నాదే, తలుపు తియ్యండి, మూతిముడుపులు తర్వాత" అన్నాను. మూడు అంతస్తులకీ వినబడిందట.
ఆఖరున నర్సు తీసింది. "హమ్మయ్య, ఇది నువ్వే మామ్మా. ఆ ఉత్తరం ఎవరిదో అనుకున్నా." సంతకం పెట్టింది.

11 గంటలు
ఇరవై ఒకటి. ఓనరు రెండుసార్లు లెక్కపెట్టాడు. తాళం జేబులో వేసుకుని పోయాడు.

ఆదివారం, ఉదయం 6
గొంతు పూర్తిగా పోయింది. ఇవాళ్టి నుంచి ఒట్టు, అరవను. ఉత్తరాలే. మొదటిది ఓనరుకి. షరతు ఒక్కటే: నీళ్ల మోటారు బాగుచేయిస్తే 'అయ్యా'. లేకపోతే ఏమనాలో పిల్ల చెవిలో చెప్పాను.
టైపు చెయ్యనంటోంది.