నేను కాలు పెట్టిన షెడ్డు

నాయనా,

నిన్ననే నీ సంవత్సరీకం అయింది. ఇది నువ్వు చదవవని తెలుసు. అయినా ఒక మాట నీతో తేల్చుకోవాలి.

వేసవి సెలవుల్లో ఆదోనిలోని మన వెల్డింగ్ షెడ్డుకి నేను వచ్చినప్పుడల్లా నీ అతుకుల్లో సన్నటి బెజ్జాలు పడేవి. "నువ్వు కాలు పెడితే పని చెడతాండాది. ఇంటికి పో పాపా," అనేవాడివి. దిష్టికని గుమ్మానికి నిమ్మకాయలు కూడా కట్టావు. నేను మొండికేసి ఆ వెల్డింగే చదివాను. ఇప్పుడు కడపలో ఇంజనీరింగ్ పిల్లలకు అదే చెబుతున్నాను.

ఈరోజు ల్యాబులో ఒకమ్మాయి వేసిన అతుకు నిండా అవే బెజ్జాలు. వెల్డింగ్ రాడ్ల పూత తేమ పీల్చిందన్నాను. ఆ తేమ వేడికి వాయువై, బయటికి పోయేలోపే లోహం గడ్డకడితే బెజ్జం మిగులుతుంది.

"మే నెలలో కడపలో తేమ యాడిది మేడం?" అని నవ్విందా పిల్ల.

చుట్టూ చూశాను. విప్పిన రాడ్ల పెట్టె తడిగాలి విసిరే ఎయిర్ కూలర్‌కు ఎదురుగా ఉంది. ఓవెన్‌లో ఆరబెట్టిన రాడ్లతో మళ్లీ వేయించాను. ఒక్క బెజ్జం లేదు.

మన షెడ్డులోనూ రాడ్లు కూలర్ ముందే ఉండేవి. ఒక్కడివే ఉంటే దాన్ని ఏనాడూ వేయలేదు నువ్వు. "ఎండకు బిడ్డ వాడిపోతాది," అంటూ నేను వచ్చినప్పుడే వేసేవాడివి.

విన్నావా? పని చెడగొట్టింది నా కాలు కాదు, నాకోసం నువ్వు వేసిన కూలర్.

అమ్మనడిగి తాళం తీసుకున్నాను. ఆదివారం ఎండిపోయిన ఆ నిమ్మకాయలు తెంపేసి షెడ్డు నేనే తెరుస్తాను. కూలర్ వేయను.

వాడిపోనులే నాయనా.