మెట్లు మాత్రం నావి

నడిబజారులోని పాత మూడంతస్తుల కట్టడంలో, మెట్ల కింద చిరుగులు కుట్టే దుకాణం నడుపుతూ, బజారంతా మెట్లమ్మగా ఎరిగిన నేను, డెబ్బై ఒకటో ఏట, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. మనసు నిలకడగా ఉందని కూడా రాయాలట. తెలివికి లోటు లేదు గానీ, మనసు మాత్రం పొద్దుటి నుంచీ గంతులేస్తోంది. అబద్ధమెందుకు?

1. ఆస్తి వివరం. లాంతర్ల వ్యాపారం జోరుగా సాగిన రోజుల్లో మా నాన్న కట్టించిన కట్టడం ఇది. కరెంటు రాగానే లాంతర్లు మూలపడి, కిందికి బ్యాంకు వచ్చింది. అదీ పోయి ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. మొదటి అంతస్తులో అచ్చు మిషన్లు ఆడీ ఆడీ గోడలు బీటలిచ్చాయి. రెండో అంతస్తులో టైపు నేర్పేవారు. ఆ టకటకలో నిద్రపోవడం నాకు చిన్నప్పుడే అలవాటైంది. చివరికి పంపకాల్లో నాన్న కింది భాగం కొడుకులిద్దరికీ చెరిసగం, మొదటి అంతస్తు అన్నయ్యకి, రెండోది తమ్ముడికి రాయించాడు. నా వంతు రాగానే, "ఆడపిల్లకేం కావాల్లే, ఆ మెట్లు రాసెయ్యండి" అన్నాడు. దస్తావేజు రాసే గుమాస్తా పకపకా నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతోంది. కానీ మెట్లు లేకుండా పైకెవరు వెళ్తారో నాన్నా ఆలోచించలేదు, గుమాస్తా కూడా ఆలోచించలేదు.

2. అన్నయ్య బట్టల కొట్టు పెట్టాడు, తమ్ముడు ఫోటో స్టూడియో పెట్టాడు. ఒకరోజు అన్నయ్య బట్టల బేళ్ళు మెట్ల మలుపులో పడేస్తే, ఫోటో దిగడానికొచ్చిన కొత్త జంట తట్టుకుని పడింది. అబ్బాయి ప్యాంటు మోకాలి దగ్గర చిరిగితే నేనే కుట్టాను. అంతే, ఆనాటి నుంచి అన్నదమ్ములు ఎడమొహం పెడమొహం. "అక్కా, నీ అన్నకి చెప్పు, బేళ్ళు తీయమని." "అమ్మాయ్, నీ తమ్ముడికి చెప్పు, కళ్ళు పెట్టుకుని నడవమని." మాటలు మొయ్యలేక నా ప్రాణం విసిగిపోయింది. ఇది రాస్తున్న వకీలమ్మ, ఇవన్నీ వీలునామాలో రాయకూడదంటోంది. రాయి తల్లీ, అన్నాను.

3. అద్దాల మేడలు కట్టే బిల్డరొకడు ఈ కట్టడాన్ని పడగొట్టి తళతళలాడే మాల్ లేపుతానని వచ్చాడు. నా తమ్ముడూ అన్నయ్యా, ఒకరికి తెలియకుండా ఒకరు, సరేనన్నారు. మెట్ల దగ్గర ఆగింది బేరం. పెళ్ళీ పిల్లలూ లేనిదాన్ని. ఏమీ రాయకుండా పోతే మెట్లు వాళ్ళిద్దరికే చేరతాయి, కట్టడం నేలమట్టమవుతుంది. అందుకే ఈ కాగితం.

4. వీధి నుంచి మొదటి అంతస్తు దాకా ఉన్న మెట్లు తమ్ముడి కొడుక్కి. మొదటి అంతస్తు నుంచి పైకి పోయే మెట్లు అన్నయ్య కూతురికి. పొరపాటున తారుమారుగా రాశానేమోనని వకీలమ్మ రెండుసార్లు అడిగింది. పొరపాటు కాదు. అన్నయ్య తన కొట్టుకి వెళ్ళాలంటే తమ్ముడి కొడుకు మెట్లెక్కాలి, తమ్ముడు స్టూడియోకి వెళ్ళాలంటే అన్న కూతురి మెట్లెక్కాలి. పిల్లలిద్దరికీ అమ్మడం ఇష్టం లేదు. మధ్యాహ్నం నా దుకాణంలోనే కూర్చుని ఒకే డబ్బాలో తింటారు, పెద్దవాళ్ళకి తెలియదు. ఇప్పుడు తెలుస్తుంది.

5. మెట్ల కింది గది, కుట్టు మిషను, దారాలూ, నా దగ్గర గుండీలు కుట్టే గుండీలక్కకి. ఇన్నేళ్ళుగా నాతో పాటు ఒంగి ఒంగి పనిచేసింది. ఆమెను ఎవరూ లేవగొట్టకూడదు.

6. మా వదినకి నా పెద్ద కత్తెర. ఒకసారి అరువడిగితే ఇవ్వలేదని చుట్టాలందరికీ చెప్పుకుంది. కాగితాలు కోయనని మాటిస్తే అప్పుడే ఇచ్చేదాన్ని.

7. సెల్‌ఫోన్ల కుర్రాడికి, వాడి పాటల మోతకి, నా క్షమాభిక్ష. అంతకు మించి ఏమీ లేదు.

8. దీన్ని అమలు జరిపే బాధ్యత వకీలమ్మది. సాక్షులుగా ఎవరైనా చాలంటోంది. ఒప్పుకోను. అన్నయ్యా తమ్ముడూ పక్కపక్కన నిలబడి, నేను సంతకం పెట్టడం చూసి, తామూ పెట్టాలి. సాక్షి సంతకం పెట్టినవాళ్ళు రేపు ఏ మొహంతో కోర్టుకెక్కుతారు? ఇద్దరికీ కబురు పంపాను, రెండోవాడు వస్తున్నాడని దాచలేదు. ఒక్కరు రాకపోయినా నేను కలం ముట్టను, ఈ కాగితం చింపి పారేస్తాను, బిల్డరు గెలిచాడనుకుంటాను. మలుపులో కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. కింద చెప్పుల చప్పుడవుతోంది, పైన తలుపు తీశారు. వకీలమ్మా, ఇక ఆపు, నన్ను చూడనీ.

తేదీ: మార్చి పద్నాలుగు, శుక్రవారం, మెట్ల మలుపులో.

(సంతకం) మెట్లమ్మ

సాక్షులు:
1. (సంతకం) అన్నయ్య, బట్టల కొట్టు.
2. (సంతకం) తమ్ముడు, ఫోటో స్టూడియో. అన్నయ్య సంతకం పెడుతుంటే కాగితం కదలకుండా నేను పట్టుకున్నాను.