లంగరు కొక్కెం

ఫిబ్రవరి 3
ఏరు సముద్రంలో కలిసే మొగలో, నీటి అడుగున లంకకు వెళ్లే కరెంటు కేబుల్ ఉంది. వారానికోసారి సప్లై ఆపి, గట్టు మీద మెగ్గర్ మీటరు తిప్పి, కేబుల్ పైపొర ఎంత గట్టిగా ఉందో చూడడం నా పని. ముల్లు వంద మీద నిలిచేది. ఇవాళ నలభై. ఎక్కడో పైపొర చిరిగి ఉప్పునీరు దిగుతోంది.
"పడవలు సరిగ్గా కేబుల్ మీదే లంగర్లేస్తున్నాయండి" అన్నాను.
ఏఈ గారు — "రిజిస్టర్లో రాయండి, చూద్దాం."

ఫిబ్రవరి 10
ముల్లు పన్నెండు. రిజిస్టర్లో రాశాను.

ఫిబ్రవరి 11
మధ్యాహ్నం పోటు మీద కేబుల్ పేలింది. నీళ్లు కుతకుతమంటూ పైకి లేచాయి. లంకలో మంచినీళ్ల మోటారు ఆగింది. గంటలో లంకవాళ్లు రెండు పడవల్లో వచ్చారు. ఎదురుపడిన మొదటి పడవ మా ఊరి సత్యానిది. లంగరేసి కేబుల్ తెంపావంటూ తెడ్లతో కొట్టారు.
"నేను లంగరే వెయ్యలేదయ్యా! తాడు పొడిగా ఉంది, చూస్కోండి!"
ఎవరూ చూడలేదు. పడిపోయాక కూడా కొట్టారు. ఎడమ కంట్లోంచి రక్తం...
నేను గట్టు మీదే ఉన్నాను. దిగలేదు.

ఫిబ్రవరి 13
కాకినాడ ఆసుపత్రిలో సత్యం కన్ను తీసేశారు.

ఫిబ్రవరి 14
గజ ఈతగాడు దిగాడు. కేబుల్ చుట్టూ ఉన్న ఇనప తీగల్లో ఇరుక్కుని విరిగిన లంగరు కొక్కెం తెచ్చి నా చేతికిచ్చాడు. లారీ కమాను ముక్కతో చేసింది, వంకర అతుకు. ఆ అతుకు దగ్గరుండి పెట్టించింది నేనే — మా ఆవిడ తమ్ముడు నూకరాజు పడవకి.
గట్టు మీంచి ఎవరో — "ఏంటండీ అది?"
"ఏదో పాత ఇనుము." సంచిలో వేసుకున్నాను. ఇంటికొచ్చి బియ్యం డబ్బాలో పెట్టాను.

ఫిబ్రవరి 15
నూకరాజు వచ్చాడు. "చెప్పకు బావా. నన్ను నరికేస్తారు."
"సత్యం కన్ను పోయిందిరా."
"వాడు నీకేమవుతాడు?"
మూతి మీద గుద్దాను. పన్ను ఊడింది. మా ఆవిడ మధ్యలోకి వచ్చింది. మళ్లీ గుద్దాను. ఎవరికి తగిలిందో చూడలేదు.

ఫిబ్రవరి 18
సత్యం తమ్ముడు లంకవాళ్ల పడవ తగలబెట్టాడు. లోపల పడుకున్నవాడి చేతులు కాలిపోయాయి. ఈసారి లంకవాళ్లు ఊరు ఊరంతా వస్తారంటున్నారు.

ఫిబ్రవరి 21
కంటికి కట్టుతో సత్యం. "కేబుల్ చూసేది మీరే కదండీ. నేను కాదని ఒక్క ముక్క రాసివ్వండి. అది చూపించి వాళ్లనీ, మా వాణ్ణీ ఆపుకుంటాను."
"రేపు రా" అన్నాను.

ఫిబ్రవరి 22
రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. కారణం — లంగరు. ఎవరిది — ఖాళీ.
మా ఆవిడ బియ్యం కొలుస్తుంటే గిద్ద ఇనుముకి తగిలి ఠంగుమంది. కొక్కెం బయటకు తీసింది. అతుకు మీద వేలు పెట్టి చూసింది. ఆమె పెదవి వాపు ఇంకా తగ్గలేదు. తెచ్చి రిపోర్టు మీద పెట్టింది.
వాకిట్లో సత్యం — "ఉన్నారాండీ?"